జకర్యా బుర్ర, రిబ్కా వేళ్లు

సారపాకలో జామాయిల్ దుంగల లారీలు వరసకట్టి నిలబడే రోడ్డుకు వెనకవైపు మా సందు. సందు మలుపులో జకర్యా ఇల్లు. కొత్తవాళ్లెవరైనా ఆయన ఇల్లెక్కడని అడిగితే మేము రేకుల కప్పు గురించో, నీలం గేటు గురించో చెప్పం. "బుర్ర వాయించే ఆయనా?" అని అడుగుతాం. అవునంటే చెయ్యెత్తి చూపిస్తాం.

బుర్ర అంటే ఎండిన సొరకాయ. కూర వండుకునే పొడుగు సొర కాదు, కడవలాగా గుండ్రంగా పెరిగే చేదు సొర. దుమ్ముగూడెం అవతలి అడవి ఊళ్లలో దాని గుజ్జు తీసేసి, నీళ్లో జావో పోసుకుని పనికి పట్టుకుపోతారు. జకర్యా దానితో వాయిద్యం చేస్తాడు. కాయను ఒక పక్క కోసి, కోసిన చోట మేకతోలు బిగిస్తాడు. మెడలాగా ఒక వెదురు బొంగు దూర్చి, దాని మీద సన్నటి వెదురు పేళ్లను తేనెమైనంతో అతికిస్తాడు. వాటిని ఆయన మెట్లు అంటాడు. సైకిలు బ్రేకు వైరు విప్పి అందులోంచి తీసిన పోగులే తీగలు. కుడిచేత్తో తోలు దగ్గర తీగను మీటుతూ, ఎడమచేతి వేళ్లతో మెట్ల మీద నొక్కితే పాట పలుకుతుంది. ఈ వాయిద్యానికి పెద్దవాళ్లు పెట్టిన పేరు ఇంకేదైనా ఉందేమో ఆయన ఎన్నడూ వెతకలేదు. వాళ్ల నాన్న దాన్ని బుర్ర అన్నాడు, ఈయనా బుర్రనే అన్నాడు.

దాని గొంతు తియ్యనిదేమీ కాదు. జలుబు చేసిన మనిషి ముక్కుతో పాడినట్టుంటుంది. సారపాక ఎండలకు మైనం మెత్తబడి మెట్లు జరిగిపోతే పాట ఒక రకంగా వస్తుంది, వానాకాలంలో తోలు వదులైతే ఇంకో రకంగా వస్తుంది. వాన పట్టిన సాయంత్రాల్లో జకర్యా పొయ్యి ముందు కూర్చుని, పసిపిల్లకు ఒళ్లు కాచినట్టు దాన్ని కాస్త కాస్తగా తిప్పుతూ కాచేవాడు. అన్నం కుండ దించకముందే పొయ్యి దగ్గర ఈ మనిషి అడ్డమని ఆయన భార్య రిబ్కా విసుక్కునేది.

జకర్యా వాళ్ల నాన్న షాలేమ్‌రాజు ఇల్లందు బొగ్గుబాయిలో బొగ్గు నింపే కార్మికుడు. ఆ కాలంలో బాయి పనికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఒకే క్వార్టర్ల లైన్లలో కాపురాలు పెట్టారు. ఒకరి ఇంట్లో నాటు పాట, ఇంకొకరి ఇంట్లో తిరగలి పాట, పక్కింట్లో జోలపాట. షాలేమ్‌రాజు షిఫ్టు దిగి స్నానం చేసి అరుగు మీద కూర్చుని, చెవిన పడిన ప్రతి పాటనూ బుర్ర మీదికి ఎక్కించుకునేవాడు. మాటలు ఆయనకు గుర్తుండేవి కావు, రాగం మాత్రం అతుక్కుపోయేది. ఆదివారం కూడికలో పాత కీర్తనలకు కూడా ఆయన బుర్రే తోడు. పక్కన కూర్చుని చూసీ చూసీ జకర్యాకూ అదే చెయ్యి వచ్చింది. బాయి ఉద్యోగం మాత్రం రాలేదు. సారపాక వచ్చి కాగితం మిల్లు వుడ్ యార్డులో కాంట్రాక్టు కింద దుంగలు దించే పనిలో చేరాడు. వెదురు లారీ వస్తే దించుతూ దించుతూ మంచి కణుపున్న బొంగు ఏదో ఆయన కళ్లు పట్టేసేవి.

పెళ్లి సంగతి రిబ్కాయే మాకు చాలాసార్లు చెప్పింది. ఆమెది దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. వాళ్ల నాన్న ఏటి మీద నావ నడిపేవాడు. ఒక క్రిస్మస్ కూడికకు ఇల్లందు నుంచి కొందరు వచ్చారు, వాళ్లలో తండ్రితోపాటు జకర్యా ఉన్నాడు. భోజనాలు సాగుతుండగా ఎవరో అడిగితే ఆయన నావ పాట ఎత్తుకున్నాడు. అందరికీ తెలిసిన పాటే.

అద్దరి పోయేటి నావమ్మా
అన్నొచ్చే దాకా ఆగమ్మా

ఆడవాళ్లు ఒక పక్కన గిన్నెలు కడుగుతున్నారు. రిబ్కా కడగడం ఆపి, పక్కనున్న మేనత్తతో ఆ పాట అలా కాదని, 'ఆగమ్మా' అన్నచోట రాగం పైకి వెళ్లి నిలబడాలని, ఈయన దాన్ని కిందికి గుంజి పారేశాడని అన్నది. గుసగుసగా అన్నాననే ఆమె అనుకున్నది. జకర్యా తల తిప్పి చూశాడు. పాట ఆపలేదు, మళ్లీ అదే చోట కిందికే దించాడు. ఇల్లందు తిరిగి వెళ్లాక పెళ్లికి ఆ అమ్మాయినే అడగమని తండ్రిని సతాయించాడు. అంతమంది ఉండగా ఆ పిల్లే ఎందుకురా అని షాలేమ్‌రాజు అడిగితే, "అందరు తింటుండ్రు నాయినా, పాట విన్నది గా పిల్లొక్కతే" అన్నాడట.

అలా మొదలైన తగువు కాపురంలోనూ సాగింది. ఆయన వసారాలో కూర్చుని నావ పాట వాయిస్తుంటే, ఆమె వంటింట్లోంచి తన రాగంలో పాడేది. కిందికి దిగే చోట ఈయన గట్టిగా మీటేవాడు, పైకి లేచే చోట ఆమె గొంతు పెంచేది. వాళ్లకు ఒక్కతే కూతురు, మహిమ. నావ పాటకు రెండు రాగాలుంటాయనీ, ఒకటి వసారాకూ ఇంకొకటి వంటింటికీ అనీ చిన్నప్పుడు తాను నిజంగానే అనుకునేదాన్నని మహిమ నవ్వుతూ చెబుతుంది.

రిబ్కా బుర్రను మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. పుట్టింట్లో ఆడవాళ్లు పాడేవాళ్లే కానీ వాయించేవాళ్లు కాదు. జకర్యా ఒకసారి నేర్పుతా రమ్మన్నాడు. నువ్వు నేర్పితే నీ పాటే వస్తుందిగా అని ఆమె తప్పించుకున్నది. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తూ, పిల్లలను పడుకోబెట్టడానికి తన రాగంలోనే నావ పాట పాడుకుంటూ వచ్చింది. మా సందులో చాలామంది పిల్లలు ఆ పాటకే నిద్రపోయారు.

జకర్యా వుడ్ యార్డు పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో, రెండేళ్ల కిందటి వానాకాలం మొదట్లో, ఒక పొద్దున వసారాలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గ్లాసు చేతిలోంచి జారి పడింది. ఆయన కింద పడ్డ గ్లాసు వంక చూస్తున్నాడు తప్ప చేతి వంక చూడటం లేదు. రిబ్కా వచ్చి ఏమైందని అడిగితే ఏదో చెప్పాడు. మాటలన్నీ ముద్దగా ఒకదానికొకటి అంటుకుని వచ్చాయి. మూతి ఒక పక్కకు జరిగి ఉంది. ఆమె గేటు దాకా పరుగెత్తి గోపయ్యను కేకేసింది. గోపయ్య వుడ్ యార్డులో జకర్యాతో కలిసి దుంగలు దించినవాడు, మా వెనక సందులోనే ఉంటాడు. ఆటో తెచ్చి, వంతెన దాటించి, భద్రాచలం దవాఖానాలో చేర్పించింది ఆయనే. జల్దీ తీసుకురావడం మంచిదైందని డాక్టర్లు అన్నారు. మహిమ కొత్తగూడెంలో స్టాఫ్ నర్సు. కబురు తెలిసిన వెంటనే వచ్చి, సెలవు పెట్టి తండ్రి మంచం పక్కనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక కాలు నెమ్మదిగా దారికొచ్చింది. చేతికర్రతో సందు చివరిదాకా నడవగలిగాడు. ఎడమచెయ్యి మాత్రం పిడికిలిలాగే ఉండిపోయింది. మహిమ నేర్పిన కసరత్తు ఆయన రెండు రోజులు చేసి మానేశాడు. మాట కూడా ముద్దగానే ఉంది. దారిన పోయే ప్రతి ఒక్కరినీ పలకరించే మనిషి మాట్లాడటమే తగ్గించాడు. ఎదుటివాళ్లు "ఏందన్నా?" అని రెండోసారి అడిగితే మొహం గోడ వైపు తిప్పుకునేవాడు. అడగకుండా ఊరుకుంటే వాళ్లకు అర్థం కాలేదని ఆయనకు తెలిసిపోయేది. అందుకని మేము అటు వెళ్లినప్పుడు వాన గురించో కరెంటు గురించో మేమే మాట్లాడి వచ్చేసేవాళ్లం.

మంచానికి ఎదురుగా మేకుకు బుర్ర వేలాడుతూ ఉండేది. ఒక రోజు ఆయన దాన్ని చూపించి, గోపయ్యకు ఇచ్చెయ్యమన్నాడు. రిబ్కా సరేనన్నది. తీసి, పాత చీరలో చుట్టి, వంటింట్లో అటక మీద పెట్టేసింది. ఇచ్చి వచ్చానని చెప్పింది. గోపయ్యకు బుర్ర పట్టుకోవడం కూడా రాదు. ఆయన ఇంటికి వచ్చినప్పుడు, వాయిస్తున్నావా అని జకర్యా సైగతో అడిగాడు. గోపయ్య వంటింటి గుమ్మంలో నిలబడ్డ రిబ్కా మొహం చూసి, అవ్, పొద్దున పొద్దున కొంచెం కొంచెం వాయిస్తున్నానన్నాడు. జకర్యా ఆయన వంక చాలాసేపు చూసి తల ఊపాడు.

వానలు వెనకబట్టాక రిబ్కా అటక సర్దబోయి చీర మూట విప్పింది. ఎలుక తోలును అంచులదాకా కొరికేసింది. మైనం కూడా తినేసింది, మెట్లు సగం ఊడిపోయి ఉన్నాయి. ఆమె ఊడిన మెట్లన్నీ ఏరింది. తర్వాత దాన్ని తెచ్చి భర్త ఒళ్లో పెట్టింది. అబద్ధం చెప్పిన సంగతి ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు. ఆయన కుడిచేతి వేలితో చిరుగు చుట్టూ తడిమి చూశాడు.

"ఎలుకనా?" అన్నాడు.

"అవ్."

"గోపయ్య ఇంట్లెనా?"

రిబ్కాకు నవ్వు ఆగలేదు. ఆయన కూడా నవ్వాడు, మూతి ఒక పక్కే కదిలినా నవ్వు నవ్వే. దవాఖానా నుంచి వచ్చాక ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదలని ఆమె మాతో చెప్పింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తోలు ఎట్లా బిగిస్తారో చెప్పు అన్నది. ఆయన తన ఎడమచేతి పిడికిలి చూపించాడు.

"నా చేతులున్నయి గద" అన్నది రిబ్కా. "చెప్పరాదు."

గోపయ్యకు కబురు వెళ్లింది. చెప్పిన అబద్ధానికి పరిహారంగానేమో, ఆదివారం మటన్ కొట్టు దగ్గర నిలబడి మంచి మేకతోలు తెచ్చి ఇచ్చాడు. దాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు గీకెయ్యడం రిబ్కా పని. ముక్కుకు కొంగు కట్టుకుని చేసింది. ఆ రెండు మూడు రోజులు ఆ వాసనకు మా సందంతా కిటికీలు మూసుకుని సర్దుకున్నాం. తడి తోలును బుర్ర మీద పరిచి లాగి కట్టేటప్పుడు ఆయన కుడిచేత్తో ఒక అంచు పట్టుకున్నాడు, ఆమె మిగతా అంచులు లాగి దారం చుట్టింది. ఎక్కువ లాగితే మణికట్టు మీద వేలితో తట్టేవాడు. తక్కువ లాగితే నాలుకతో టక్కుమనిపించేవాడు. ఇన్నేళ్లుగా పొయ్యి ముందు ఆయన చేసే పని చూస్తూనే ఉన్నా, తోలుకు కూడా ఒక వాటం ఉంటుందని, లాగాల్సిన పక్క లాగకపోతే ఎండాక వంకరపోతుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

నీడలో తోలు ఎండింది. తీగలు ఎక్కించారు. మెట్లు అతికించేటప్పుడు చిక్కు వచ్చింది. ఏ మెట్టు ఎక్కడ ఉండాలో చెవితో విని పెట్టాలి. తీగను ఒక చేత్తో నొక్కి, ఇంకో చేత్తో మీటి చూడాలి. ఇన్నాళ్లూ ఆయన ఒక్కడే ఆ రెండూ చేసుకునేవాడు. ఇప్పుడు ఆయన ఒళ్లో బుర్ర, ఎడమ పక్కన ఆమె. ఆమె వేలు పెట్టి నొక్కుతుంది, ఆయన మీటి వింటాడు. కొంచెం ఇటు అంటాడు. ఆమె వేడి చేసిన మైనాన్ని జరుపుతుంది. మళ్లీ నొక్కుతుంది. అలా ఒక్కొక్క మెట్టూ కుదురుతూ వచ్చింది. అన్నీ కుదిరాక ఆమె వేలు చివరి మెట్టు మీదే ఉండిపోయింది, ఆయన ఊరికే ఇంకోసారి మీటాడు. ఆమె వేలు కింది మెట్టుకు దిగింది. ఆయన మళ్లీ మీటాడు. అది పాట కాదు, కానీ ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

మరుసటి రోజు నుంచి ఆయన నేర్పడం మొదలుపెట్టాడు. ఆ కొత్తలో వాళ్ల పోట్లాటలు మాకు గోడ దాటి వినిపించేవి. సైకిలు వైరు తీగలకు ఆమె వేలి కొసలు ఎర్రబడి పొంగాయి. కొబ్బరినూనె రాసుకుని అంగన్‌వాడీకి వెళ్లేది. ఆయన రెండో మెట్టు అంటే ఆమెకు మూడో మెట్టులా వినిపించేది. వేలు తప్పు చోట పడేది. ఆయన విసుక్కునేవాడు, విసుగుతో మాట ఇంకా ముద్దయ్యేది. ఒక రోజు ఆమె చెయ్యి తీసేసింది.

"మాటతోని చెప్పకు, నాకు సమజైతలేదు" అన్నది. "పాడు. పాడితే వేలే ఎతుక్కుంటది."

ఆయన పాడనన్నాడు. ఆమె మెట్ల మీద చెయ్యి పెట్టలేదు. పోయి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. చాలాసేపటికి వసారాలోంచి గొంతు వినిపించింది. జోలపాట, మొదట మాటలు లేకుండా రాగం మాత్రమే, ఆ తర్వాత మాటలతో. గొంతు వణికింది, ఒకచోట తెగింది. అయినా మాట్లాడేటప్పుడు ఒకదానికొకటి అంటుకునే అక్షరాలు పాటలో దేనికది విడిగా వచ్చాయి. రిబ్కా బియ్యం చేట పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం జోలపాట మొదటి చరణం ఆసాంతం వచ్చింది. నత్తనడకన వచ్చినా తెగకుండా వచ్చింది.

రోజూ పాడుతూ ఉండటంతో మాట కూడా తేరుకుంటూ వచ్చింది. సెలవు రోజున వచ్చిన మహిమ గేటు దగ్గరే ఆగిపోయింది. అమ్మా నాన్నా ఒకే బల్ల మీద భుజానికి భుజం ఆనించి, ఒకే బుర్ర మీద వంగి ఉన్నారు. ఏదైనా అంటే లేచిపోతారేమోనని చప్పుడు చెయ్యకుండా నిలబడింది. తాను కాగితం మీద రాసిచ్చిన కసరత్తులు చెయ్యని తండ్రి, తల్లి వేళ్లు మెట్ల మీద ఎలా కదలాలో చూపించడానికి తన పిడికిలి కూడా కాస్త విప్పడానికి ప్రయత్నిస్తున్నాడని ఆమె గమనించింది. అది పూర్తిగా తెరుచుకోలేదు, ఇప్పటికీ తెరుచుకోదు. కానీ బుర్ర జారకుండా అడుగున ఆనించేంత పనికొస్తున్నది.

నాటు పాటలు వచ్చాయి, తిరగలి పాట వచ్చింది, షాలేమ్‌రాజు కూడికల్లో వాయించిన కీర్తనలు వచ్చాయి. నావ పాట జోలికి మాత్రం ఇద్దరూ వెళ్లలేదు. ఎవరు ముందు ఎత్తుకుంటారా అని ఇద్దరూ చూస్తున్నట్టుండేది. చివరికి ఒక ఆదివారం జకర్యాయే మొదలుపెట్టాడు. మొదటి వరుస బాగానే నడిచింది. రెండో వరుసలో 'ఆగమ్మా' అన్నచోటికి వచ్చేసరికి ఆమె వేలు కిందికి దిగలేదు. పైమెట్టు ఎక్కి అక్కడే నిలబడింది.

ఆయన మీటడం ఆపాడు.

"గట్ల కాదు" అన్నాడు.

"గట్లనే" అన్నది ఆమె. "తీగ మీద వేలు నాది."

ఆయన కుడిచేతిని తోలు మీద ఆనించాడు. ఆమె వేలు తీయలేదు. సందులో ఎవరిదో బండి పోయింది, కుక్క మొరిగి ఊరుకుంది. ఈయన లేచిపోతాడేమోనని ఆమెకు లోపల భయంగానే ఉందట, ఇన్నాళ్లు పడిన కష్టం ఒక్క మెట్టు దగ్గర పోతుందేమోనని. దించేద్దామా అని కూడా అనుకున్నదట. అంతలో ఆయన మీటాడు. ఆమె రాగంలోనే మీటాడు. పైమెట్టు మీద పాట నిలబడి, నిలబడి, అప్పుడు మెల్లగా కిందికి దిగింది. ఆయన చెయ్యి అలవాటు ప్రకారం ముందుకు దూకబోయి, ఆమె వేలి కోసం ఆగింది. ఎంతసేపు ఆగాలో ఆయనకు తెలియలేదు. ఆమె భుజం కదిలినప్పుడు మీటాలని రెండోసారికి పట్టుకున్నాడు.

పాట అయ్యాక ఆయన అడిగాడు.

"మీ నాయిన నావ గింత మెల్లగ పోయేదా?"

"గెడ నేలకు ఆనాలె, మనిషి మొత్తం బరువేసి తొయ్యాలె, అప్పుడు గద పోయేది" అన్నది రిబ్కా. "అందాక పాట ఆగాలె."

ఆయన చెయ్యి తీగ మీదికి వెళ్లింది. మళ్లీ వాయిద్దామన్నాడు. ఆ రోజు వాళ్లు ఆ ఒక్క పాటే మళ్లీ మళ్లీ వాయించారు. గోడ ఇవతల మేము కూడా వింటూ కూర్చున్నాం. అన్నేళ్లూ వసారాలో ఒక రాగం, వంటింట్లో ఒక రాగం విన్న మాకు, రెండూ ఒకే చోట నుంచి రావడం వింతగా అనిపించింది.

ఆ ఏడు క్రిస్మస్ ముందు వారం, సంఘం వాళ్లు పాటలు పాడుకుంటూ సందుల్లో తిరిగేటప్పుడు, పొద్దుగూకే వేళకు జకర్యా ఇంటి ముందు ఆగారు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు ఏదైనా వాయించమన్నారు. జకర్యా ఒప్పుకోలేదు. వాయించేటప్పుడు ఆయన నోటి చివర ఒక్కోసారి చొంగ కారుతుంది, అంతమందిలో అది ఆయనకు నామోషీ. రిబ్కా లోపలికి వెళ్లి బల్లనూ, బుర్రనూ, భుజాన వేసుకోవడానికి ఒక తువ్వాలనూ తెచ్చింది. కూర్చుని, తువ్వాలను ఆయన భుజం మీద కాదు, తన కుడి భుజం మీద వేసుకున్నది. అక్కడి నుంచే ఆయన మూతి తుడవడం ఆమెకు వీలు. ఇక ఆయన కాదనలేకపోయాడు.

ముందు ఒక కీర్తన వాయించారు. మధ్యలో ఆమె వేలు జారి ఒక మెట్టు తప్పింది, ఆయన పక్కకు తిరిగి చూశాడు, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వి మళ్లీ అందుకున్నది. ఆ నవ్వుతో ఆయన బెరుకు పోయింది. తర్వాత ఆయనే నావ పాట ఎత్తుకున్నాడు.

మా సందులో కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్న రామక్క అనే ముసలామె గుంపు వెనక అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెది కూడా దుమ్ముగూడెం వైపే. పాట రెండో వరుస దాటగానే ఆమె కూర్చున్నచోటి నుంచే గొంతు కలిపింది. రిబ్కా మరిచిపోయిన చరణం ఒకటి పాడింది. నావలో పోయే అన్న చేతికి చెల్లెలు సద్ది మూట అందించే చరణం అది. ఆమె గొంతు సన్నగా ఉన్నా, మాట మాటా తెలిసింది. రిబ్కా వేళ్లు మెట్ల మీద నడుస్తూనే ఉన్నాయి, కళ్లల్లో మాత్రం నీళ్లు తిరిగాయి. అంతా అయ్యాక దగ్గరికి వెళ్లి, మీరు మా నాన్న నావ ఎక్కేవారా అని అడిగింది. సంతకు పోవాలంటే ఆయన నావే గదా అన్నది రామక్క. ఆయన వర్షాకాలంలో ఎంత జాగ్రత్తగా దాటించేవాడో, పిల్లతల్లులను ఎక్కడ కూర్చోబెట్టేవాడో చెప్పింది.

రిబ్కా గర్వంగా భర్త వంక తిరిగింది. అంతలో రామక్క ఇంకో మాట అన్నది. ఎండాకాలం ఏరు సన్నబడినప్పుడు నావ గబగబా పోయేదని, అప్పుడు ఆ పాటను కిందికి దించి జోరుగా పాడేవాళ్లని.

"మా నాయిన ఎన్నడు గట్ల పాడలే" అన్నది రిబ్కా.

"నువ్వు పుట్టకముందు పాడిండేమో బిడ్డా" అన్నది రామక్క.

ఆ సాయంత్రమంతా జకర్యా మొహం మీద నవ్వు పోలేదు. అందరూ వెళ్లిపోయాక కూడా నవ్వుతూనే ఉన్నాడని, అన్నం పెట్టకుండా పడుకోబెడతానని బెదిరించాల్సి వచ్చిందని రిబ్కా మరునాడు మాకు చెప్పింది. ఆమె కూడా నవ్వుతూనే చెప్పింది.

కిందటి వేసవి దాటాక జకర్యా పెరటి దడి మీదికి చేదు సొర తీగ పాకించాడు. దడి మీద కాయ ముదిరి, తీగ మీదే ఎండి, గింజలు గలగలమనేదాకా ఆగాడు. ఈసారి బుర్రకు పొడుగు మెడ పెట్టాలని ఆయన ఆలోచన. ఇప్పుడున్నదానికి మెడ పొట్టి. అది ఒక్క మనిషి చేతుల కొలతకు చేసింది. ఇద్దరు కూర్చుంటే ఆమె బరువంతా తన పడిపోయిన భుజం మీద ఆని నొప్పి పెడుతున్నదని, ఆ సంగతి ఆమెతో చెప్పకుండా గోపయ్యతో చెప్పాడు. గోపయ్య నిటారుగా ఉన్న పొడుగు బొంగు సంపాదించి తెచ్చాడు. తోలు బిగించింది, మెట్లు అతికించింది రిబ్కాయే. ఇప్పుడు ఆయన ఆమె మణికట్టు తట్టాల్సిన పని లేదు.

కొత్త బుర్ర మంచి గొంతుతో పలికింది. పాతదానికంటే నిండుగా ఉందని అందరం అన్నాం. ఇద్దరూ దర్జాగా చెరో కుర్చీలో కూర్చున్నారు, మధ్యలో చెయ్యి పట్టేంత ఖాళీ. జోలపాట మొదలుపెట్టారు. మొదటి వరుసలోనే ఆయన మీటు ముందు పడింది, ఆమె వేలు వెనక పడింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదే. వేళ్లకు అలవాటు లేక కాదు. ఇన్నాళ్లూ ఆమె భుజం కదలికను బట్టి ఆయన చెయ్యి లేచేది, ఆయన ఊపిరిని బట్టి ఆమె వేలు కదిలేది. దూరంగా కూర్చునేసరికి ఇద్దరికీ అవి అందడం లేదు.

ఎందుకింత పొడుగు పెట్టించావని రిబ్కా అడిగింది. ఆయన దాటేయబోయాడు. గోపయ్య నోరు ఆగలేదు, భుజం నొప్పి సంగతి చెప్పేశాడు. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని ఆమె గట్టిగానే కోప్పడింది. ఆ తర్వాత లోపలికి వెళ్లి రంపం తెచ్చి గోపయ్య చేతిలో పెట్టి, మెడను జానెడు కోసెయ్యమన్నది. ఎంత దూరంలో కొయ్యాలో జకర్యాయే కుడిచేతి వేలితో గీత గీసి చూపించాడు.

ఇప్పుడు బల్ల మీద ఆమె ఎడమ పక్కనే కూర్చుంటుంది. ఆయన భుజానికీ ఆమె భుజానికీ మధ్య, దూది కూరి కుట్టిన చిన్న దిండు ఒకటి ఉంటుంది. అంగన్‌వాడీలో పిల్లల పక్క బట్టలు కుట్టగా మిగిలిన పువ్వుల గుడ్డతో రిబ్కా దాన్ని కుట్టింది.